కోచ్ సార్ మీదకొస్తే ఏం చేస్తారు మేడం?

మా కాలేజీ టీములో ఆడి వెళ్ళిన పిల్లల్లో కొందరు ఇప్పుడు బాస్కెట్‌బాల్ రిఫరీ పరీక్షకి చదువుతున్నారు. ఆదివారం పూట గ్రౌండ్‌కి వచ్చి డౌట్లు అడుగుతుంటారు. రూల్స్ పుస్తకం వాళ్ళకి దాదాపు నోటికొచ్చు. అందుకే అందులో లేనివే అడుగుతారు. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే: "కోచ్ సార్ మీదకొస్తే ఏం చేస్తారు మేడం?" అప్పుడొక ముక్క, అప్పుడొక ముక్క చెబుతూ వచ్చాను. అంతా ఒకచోట రాసిపెట్టమన్నారు. పీడీగా (కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌గా) మా అమ్మాయిల బెంచ్ మీదా కూర్చున్నాను, రిఫరీగా విజిలూ పట్టుకున్నాను. రెండు వైపులా తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ముందు మన దగ్గర ఆ బెంచ్ మీద ఉండేది ఎవరో చూడాలి. టీవీలో కనిపించే ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) కోచ్‌కి కోచింగే వృత్తి, పక్కన వరసగా అసిస్టెంట్లు. మన జిల్లా టోర్నమెంట్లో కోచ్ అంటే ఒక స్కూలు పీఈటీ. తెల్లవారుజామున పిల్లల్ని లెక్కబెట్టి బస్సెక్కించింది ఆయనే. ఎవరి బూట్లు చిరిగాయి, ఎవరు టిఫిన్ తినలేదు, ఎవరింట్లో ఆడపిల్లని పంపబోమన్నారు, అన్నీ ఆయనకే తెలుసు. ఈ మ్యాచ్ గెలిస్తే పిల్లలు స్టేట్ మీట్‌కి వెళ్తారు, ఆ సర్టిఫికెట్ రేపు స్పోర్ట్స్ కోటా సీటుకి పనికొస్తుంది. ఓడితే సోమవారం హెడ్మాస్టరు గదిలో నిలబడి జవాబు చెప్పాల్సిందీ ఆయనే. అంత టెన్షన్‌తో కూర్చున్న మనిషి ఒక విజిల్‌కి ఎగిరిపడితే నాకు ఆశ్చర్యం వేయదు. అరిచే కోచ్‌లందరూ చెడ్డవాళ్ళని అనుకుని కోర్టులోకి దిగకండి. దిగితే మొదటి క్వార్టర్‌లోనే మీ మొహంలో తెలిసిపోతుంది.

అలాగని పెద్దాయన కదా అని ఊరుకుంటూ పోతే ఇంకా ప్రమాదం. నేను చూసినంతలో రిఫరీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మొదటి రెండు క్వార్టర్లూ అన్నీ పడతారు. మూడో క్వార్టర్‌లో ఒళ్ళు మండి టెక్నికల్ (ప్రవర్తన బాగాలేనందుకు ఇచ్చే ఫౌల్) కొడతారు. అప్పుడా కోచ్ ఏమంటాడు? "ఇందాకట్నుంచీ ఇవే మాటలు అంటున్నాను, అప్పుడు లేని తప్పు ఇప్పుడెలా వచ్చింది?" అంటాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఏది సహిస్తాం, ఏది సహించం అన్నది ఆయనకి ముందే తెలియాలి. అది తెలియజేయడం మన పని. కోచ్‌ని సంభాళించడం అంటే నా దృష్టిలో చాలావరకు ఇదే: చిన్నగా ఉన్నప్పుడే, తొందరగా, నెమ్మదిగా చెప్పడం.

మన చోట్ల ఇంకో ఇబ్బంది ఉంది. బాస్కెట్‌బాల్ ఆడే ఊళ్ళు తక్కువ, ఆడించేవాళ్ళు ఇంకా తక్కువ. అందరూ అందరికీ తెలిసినవాళ్ళే. ఎదుటి బెంచ్ మీద ఉన్నాయన మనకి ఒకప్పటి గురువై ఉంటాడు. ఒకాయన నిండు గ్రౌండ్‌లో "నీకు లేఅప్ నేర్పింది ఎవరమ్మా?" అని అడిగారు. నేర్పింది ఆయనే. "మీరే సార్" అని చెప్పి, త్రో-ఇన్ వేసే అమ్మాయి చేతికి బాల్ ఇచ్చి ఆట నడిపించాను. ఇంకేం అనలేదు. నిజాన్ని ఒప్పుకుంటే ఆయన కోపానికి పట్టుకోవడానికి ఏమీ మిగలలేదు. ఆట నడుస్తుంటే ఆయన మాత్రం ఎంతసేపని అక్కడే నిలబడతాడు?

గురువు కనిపించగానే కోర్టులోనే వంగి దండం పెట్టే పిల్లలున్నారు మా వాళ్ళలో. పెట్టండి, కానీ మ్యాచ్ అయ్యాక, రెండు టీములూ వెళ్ళాక. అవతలి బెంచ్ మీదున్న కోచ్ ఆ దండం చూశాడంటే, ఆ తర్వాత మీరు ఇచ్చే ప్రతి కాల్‌లోనూ ఆయనకి అదే కనిపిస్తుంది. ఆయనది తప్పు కాదు.

టోర్నమెంట్ పెట్టిన స్కూలు పీడీయే ఒక టీముకి కోచ్‌గా ఉండే సందర్భం ఇంతకంటే కష్టం. మన బస దగ్గర్నుంచి భోజనం దాకా ఏర్పాట్లన్నీ ఆయనవే, టీఏ డీఏ కవరు కూడా ఆయన చేతి మీదుగానే వస్తుంది. ఈ విషయంలో నేను మొండిగానే ఉంటాను. ఆయన టీము ఆడే రోజు ఆయన పక్కన కూర్చుని భోంచేయను. కవరు అసోసియేషన్ తరఫున వచ్చినవాళ్ళ చేతుల మీదుగానే తీసుకుంటాను. "మేడంకి పొగరు" అన్నవాళ్ళున్నారు. అననివ్వండి.

ఇక మ్యాచ్ విషయానికొస్తే, మొదలవడానికి కనీసం పది నిమిషాల ముందు కోచ్ స్కోరు, టైము చూసేవాళ్ళ టేబుల్ దగ్గరికొచ్చి స్కోర్‌షీట్‌లో పేర్లు, నంబర్లు సరిచూసి, మొదట ఆడే ఐదుగురిని గుర్తించి సంతకం పెట్టాలి. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూలు అది. ఆ సమయంలో చాలామంది రిఫరీలు బాల్‌లో గాలి నొక్కి చూసుకుంటూ ఎక్కడో ఉంటారు. నేను టేబుల్ పక్కనే ఉంటాను. "నమస్తే సార్, ఈ మ్యాచ్ నేనూ, ఈయనా చేస్తున్నాం. మీకు అసిస్టెంట్ ఎవరు? నిలబడేది మీ ఇద్దరిలో ఒక్కరే. మాతో ఏదైనా మాట్లాడాలంటే మీరే మాట్లాడండి." అంతే. ఇది నేను కనిపెట్టింది కాదు. హెడ్ కోచ్, ఫస్ట్ అసిస్టెంట్ ఇద్దరిలో ఏ సమయంలోనైనా ఒక్కరే నిలబడొచ్చనీ, అసిస్టెంట్ రిఫరీలతో మాట్లాడకూడదనీ రూల్స్‌లోనే ఉంది. మన దగ్గర బెంచ్ మీద కోచ్ స్నేహితుడు, స్కూలు కరస్పాండెంటు, పాత బ్యాచ్ ఆటగాడు, అందరూ చేరిపోయి తలా ఒక మాట విసరడం మామూలు. ముందే చెప్పి ఆ కుర్చీలు ఖాళీ చేయిస్తే సగం గోల తగ్గుతుంది. జంప్ బాల్ వేశాక ఖాళీ చేయించాలంటే అదే పెద్ద గొడవ.

ఆట మొదలయ్యాక బెంచ్ నుంచి మాటలు వస్తూనే ఉంటాయి. నేను వెతికేది ఒకటే, ఆ అరుపులో ప్రశ్న ఉందా అని. ఉంటే జవాబు చెబుతాను. "ఏం ఫౌల్ మేడం అది?" అంటే ప్రశ్న. "మోచేత్తో తోశాడు సార్" అంటే జవాబు. నాలుగు మాటల్లో అయిపోవాలి. "చూడండి మేడం, చూడండి!" అన్నదానికి జవాబు అక్కర్లేదు. దానికి కూడా జవాబు చెప్పడం మొదలుపెడితే మ్యాచ్ అంతా చెబుతూనే ఉండాలి.

ఒక సంగతి చెబుతాను. అబ్బాయిల మ్యాచ్, సిమెంటు కోర్టు, మిట్టమధ్యాహ్నం. షాట్ క్లాక్ (బాల్ ఉన్న టీము ఎన్ని సెకన్లలోపు షాట్ వేయాలో చూపించే గడియారం) మెషిన్ లేదు. డిగ్రీ చదివే కుర్రాడొకడు స్టాప్‌వాచ్ పట్టుకుని టేబుల్ దగ్గర కూర్చుని, ఆఖరి సెకన్లు పైకి లెక్కబెడుతున్నాడు. తెల్ల జెర్సీ వాళ్ళ షాట్ రింగుకి తగిలి బయటికొచ్చింది. రీబౌండ్ కూడా వాళ్ళకే దొరికింది. అప్పుడు కొత్తగా 14 సెకన్లే ఇవ్వాలి. కుర్రాడు అలవాటు కొద్దీ మళ్ళీ 24 మొదలుపెట్టాడు. పక్కనే నిలబడ్డ నీలం టీము కోచ్ అది గమనించాడు. "పద్నాలుగు! పద్నాలుగు! ఏం టేబులండీ ఇది? కళ్ళు కనపడట్లేదా ఒక్కడికీ?" అని గ్రౌండంతా వినపడేలా అరిచాడు. బాల్ బయటికి వెళ్ళేదాకా ఆగి నేను టేబుల్ దగ్గరికి వెళ్ళాను. కుర్రాడి బొటనవేలు వాచీ బటన్ మీద వణుకుతోంది. మెడ మీద చెమట కారి చొక్కా కాలర్ తడిసిపోయింది. కోచ్ వైపు తిరగకుండా ముందు వాడితోనే మాట్లాడాను: "రింగుకి తగిలి మళ్ళీ వాళ్ళకే వస్తే పద్నాలుగు. అవతలి టీముకి వెళ్తే ఇరవై నాలుగు. సరేనా? కంగారు పడకు." అప్పుడు కోచ్‌తో అన్నాను: "మీరు చెప్పింది కరెక్ట్ సార్. సరిచేశాం. కానీ టేబుల్ మీదున్న పిల్లల్ని ఏమీ అనొద్దు. ఏదున్నా నాతో చెప్పండి." ఆయన "అదేనండీ నేను చెప్పేది" అని కూర్చున్నాడు. మిగతా మ్యాచ్ అంతా ఆయన టేబుల్ వైపు ఒక్క మాట అనలేదు.

ఆ అరుపుని చూస్తే టెక్నికల్ ఇవ్వొచ్చు. టేబుల్ అఫీషియల్స్‌తో అమర్యాదగా ప్రవర్తించినా టెక్నికలే అని రూలు స్పష్టంగా చెబుతుంది. కానీ అందులో ఒక న్యాయమైన మాట ఉంది. ముందు ఆ మాట సంగతి చూసి, తర్వాత ఆ తీరు సంగతి చెప్పాను. వరస అటూ ఇటూ అయితే ఆయన ఎప్పటికీ వినడు. ఫీబా పెద్ద పోటీల్లో వీడియో రీప్లే ఉన్నచోట హెడ్ కోచ్‌కి ఒక చాలెంజ్ అడిగే హక్కు ఉంది. మన సిమెంటు కోర్టులో అప్పీలు చేసుకోవడానికి ఆయనకి నా చెవి తప్ప ఇంకో దారి లేదు. దాన్ని కూడా మూసేస్తే ఎలా?

ట్రావెలింగ్ (బాల్ పట్టుకుని ఉండాల్సిన దానికంటే ఎక్కువ అడుగులు వేయడం) దగ్గర జరిగే గొడవ వేరే రకం. 2017 అక్టోబరు నుంచి ఫీబా రూలు మారింది. పరుగులో ఉండగా బాల్ అందుకున్నా, డ్రిబుల్ ఆపి బాల్ చేతిలోకి తీసుకున్నా, ఆ క్షణంలో నేల మీద ఉన్న కాలు లెక్కలోకి రాదు. దాని తర్వాత పడేదే మొదటి అడుగు. పాతకాలం ఆటగాళ్ళయిన కోచ్‌లు ఇప్పటికీ ఆ కాలితోనే లెక్క మొదలుపెడతారు. వాళ్ళ కళ్ళకి అది మూడడుగులే. "మూడు వేశాడు మేడం, మూడు!" అని వాళ్ళు నిజాయితీగానే అరుస్తారు. మ్యాచ్ మధ్యలో రూలు పాఠం చెప్పలేం. అందుకని టోర్నమెంట్ మొదటిరోజు పొద్దున జరిగే మేనేజర్స్ మీటింగ్‌లో నేను బాల్ పట్టుకుని అందరి ముందూ నెమ్మదిగా నడిచి చూపిస్తాను. ఇదిగో, బాల్ చేతికొచ్చింది, ఈ కాలు లెక్కలేదు, ఇది ఒకటి, ఇది రెండు. ఒకరిద్దరు వాదిస్తారు. వాదించనివ్వండి, అది వాదించుకోవాల్సిన చోటే. ఆ తర్వాత కోర్టులో అదే కాల్ వచ్చినప్పుడు "పొద్దున చూపించాను కదా సార్" అంటే సరిపోతుంది.

ఫౌల్స్ లెక్క గురించి వచ్చే ఫిర్యాదు అన్నిటికంటే ఎక్కువ వినపడుతుంది. "వాళ్ళకి ఒకటి, మాకు నాలుగా?" క్వార్టర్‌లో నాలుగు టీమ్ ఫౌల్స్ దాటితే ఐదో దాని నుంచి అవతలివాళ్ళకి రెండు ఫ్రీ త్రోలు, కాబట్టి నాలుగు పడగానే బెంచ్‌కి గుబులు మొదలవుతుంది. రెండు వైపులా ఫౌల్స్ సమానంగా ఉండాలని ఏ రూలూ లేదు. ఒక టీము జోన్ వేసుకుని తన రింగు దగ్గర వెనకాల నిలబడింది, ఇంకో టీము ఫుల్ కోర్ట్ ప్రెస్ అంటూ కోర్టంతా వెంటబడి ఆపుతోంది అనుకోండి, చేతులు తగిలేది ప్రెస్ చేసేవాళ్ళవే. నేను లెక్క గురించి మాట్లాడను. "ప్రెస్‌లో చేతులు తగులుతున్నాయి సార్, కాళ్ళతో ఆపమనండి" అంటాను. కోచ్‌కి చేయడానికి ఒక పని దొరికితే అరవడం తగ్గుతుంది. పిల్లల వైపు తిరిగి "చేతులు! చేతులు!" అని వాళ్ళని అరుస్తాడు. బెంచ్ మీద కూర్చున్నప్పుడు నేనూ అదే చేస్తాను.

పార్ట్‌నర్ (మనతో ఉన్న రెండో రిఫరీ) ఇచ్చిన కాల్ మీద మన దగ్గర ఫిర్యాదు చేస్తే మాత్రం ఒక్కటే జవాబు: "ఆయనకి అక్కడినుంచి దగ్గరగా కనపడింది సార్." మీకు ఎలా అనిపించినా ఇంతే. కనుబొమ్మ కూడా ఎగరేయకూడదు. కోచ్‌తో మంచిగా ఉండాలని "నాకూ అలాగే అనిపించింది" అన్న రిఫరీలని చూశాను. ఆ క్షణం నుంచి ఆ మ్యాచ్‌కి ఒక్క రిఫరీ కూడా మిగలడు.

ఎలా నిలబడాలో కూడా చెప్పాలి, ఎందుకంటే మా పిల్లలు రూలు బాగానే చెబుతారు గానీ నిలబడటం దగ్గర తేడా వస్తుంది. కోచ్‌కి ఎదురుగా ముఖాముఖి నిలబడొద్దు. పక్కకి, భుజం భుజం పక్కన ఉన్నట్టు నిలబడి, కళ్ళు కోర్టు మీద ఉంచి మాట్లాడండి. చూసేవాళ్ళకి ఇద్దరూ కలిసి ఆట చూస్తున్నట్టు ఉంటుంది. ఎదురెదురుగా నిలబడితే గ్రౌండంతా పోట్లాట చూడటానికి సిద్ధమవుతుంది, ఆయన కూడా వెనక్కి తగ్గలేడు. చేతులు కట్టుకోవద్దు, వేలు చూపించొద్దు. ఆయన గొంతు పెరిగిన కొద్దీ మీ గొంతు తగ్గాలి. వినాలంటే ఆయన తగ్గక తప్పదు. చెప్పాల్సింది చెప్పగానే అక్కడినుంచి కదిలిపోండి. ఆఖరి మాట ఆయనకే వదిలేయండి. మీరు రెండడుగులు వేశాక వెనకాల ఏదో గొణుగుతాడు. అది మీకు వినపడలేదు.

హెచ్చరిక ఇవ్వాల్సి వస్తే డెడ్ బాల్‌లో, గడియారం ఆగి ఉన్నప్పుడే ఇవ్వాలి. పార్ట్‌నర్‌కి తెలియాలి. "సార్, ఇది వార్నింగ్" అని ఆ మాటే వాడండి. "కాస్త చూసుకోండి సార్" అంటే అది వార్నింగో బతిమాలడమో ఆయనకి తెలియదు. ఒక మనిషికి ఇచ్చిన వార్నింగ్ అలాంటి ప్రవర్తనకి ఆ టీము మొత్తానికి మ్యాచ్ ముగిసేదాకా వర్తిస్తుంది. ఇది కోచ్‌లలో చాలామందికి తెలియదు, కాబట్టి అదీ చెప్పండి.

తర్వాత టెక్నికల్. కోచ్ సొంత ప్రవర్తనకి ఇచ్చినది స్కోర్‌షీట్‌లో ఆయన పేరు పక్కన 'సి' అని పడుతుంది. బెంచ్ మీదున్న వేరేవాళ్ళకి ఇచ్చినదీ ఆయన పేరు పక్కనే, 'బి' అని పడుతుంది. రెండు సి-లు అయితే ఆయన బయటికి వెళ్ళాలి. అన్నీ బి-లయినా, వాటిలో ఒకటి సి అయినా, మొత్తం మూడు పడితే వెళ్ళాలి. శిక్ష అవతలివాళ్ళకి ఒక ఫ్రీ త్రో. ఆ తర్వాత ఆట ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలవుతుంది. బెంచ్‌కి ఇచ్చిన టెక్నికల్ టీమ్ ఫౌల్స్ లెక్కలో కలవదు. ఇంత చిన్న శిక్షకి మా పిల్లలు అంత భయపడతారేంటా అనిపిస్తుంది నాకు. ఒక్క ఫ్రీ త్రో! అది పిల్లల మ్యాచ్‌ని పాడుచేయదు. ఇవ్వకుండా నానబెట్టిన టెక్నికలే పాడుచేస్తుంది.

ఇచ్చేటప్పుడు విజిల్ మామూలుగానే ఊదండి. గుర్తు ఛాతీ ముందు, నెమ్మదిగా. కోచ్ మొహం మీదకి చేతులు పెట్టి చూపించొద్దు. టేబుల్‌కి చెప్పేసి ఆ బెంచ్‌కి దూరంగా వెళ్ళిపోండి. ఆ తర్వాత కోచ్‌తో ఏదైనా మాట్లాడాల్సి ఉంటే పార్ట్‌నర్ మాట్లాడతాడు. ఇచ్చిన చేతికీ పుచ్చుకున్న మనిషికీ మధ్య కాసేపు దూరం ఉండాలి.

వార్నింగ్ లేకుండా నేరుగా టెక్నికల్ ఇచ్చే సందర్భం నాకు ఒకటే. ఆట గురించి ఎంత అన్నా కొంతవరకు వింటాను. మనిషి గురించి అంటే వినను. అమ్మాయిల మ్యాచ్‌లో ఒక కోచ్, బ్లాకింగ్ ఫౌల్ ఇచ్చినందుకు, "ఇంట్లో వంట చేసుకునేవాళ్ళకి విజిల్ ఇస్తే ఇంతే" అన్నాడు. వెంటనే ఇచ్చాను. అన్నమాట నాకంటే ముందు ఆయన బెంచ్ మీద కూర్చున్న అమ్మాయిలకి తగిలింది. ఒక్కరూ తల ఎత్తలేదు, అందరూ బూట్ల లేసుల వైపే చూస్తున్నారు. రేపు వాళ్ళలో ఎవరైనా విజిల్ పట్టుకోవాలనుకుంటే? ఫ్రీ త్రో పడింది, సైడ్‌లైన్ నుంచి బాల్ ఇచ్చాను, ఆట నడిచింది. అంతా కలిపి నిమిషం పట్టలేదు. 1997లో వయొలెట్ పామర్, డీ కాంట్నర్ ఎన్‌బీఏలో తొలి మహిళా రిఫరీలుగా వచ్చారు. మగవాళ్ళ ఆటలో, ఆ స్థాయిలో ఆడవాళ్ళు విజిల్ ఊదడం మొదలై ఇన్నేళ్ళయింది. మా జిల్లా కోర్టులో అమ్మాయిల మ్యాచ్‌కి ఇంకా ఆ మాట వినాల్సి రావడం నాకు కోపం తెప్పిస్తుంది, ఆ కోపం దాచుకోను. కానీ గుర్తు చూపించే చేతిలో మాత్రం అది కనపడకూడదు.

పెద్ద పేరున్న కోచ్ అయితే ఏం చేయాలని కూడా అడిగారు. 2019 ఏప్రిల్‌లో డెన్వర్‌లో జరిగిన ఎన్‌బీఏ మ్యాచ్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ కోచ్ గ్రెగ్ పొపోవిచ్‌ని ఆట మొదలైన 63 సెకన్లకే బయటికి పంపారు. ఐదుసార్లు ఛాంపియన్‌షిప్ గెలిపించిన కోచ్ ఆయన. పేరు చూసి రూలు మారలేదు, గడియారం చూసి కూడా మారలేదు.

అదే స్పర్స్ టీముతో జరిగిన ఇంకో సంఘటన మా పిల్లలకి తప్పకుండా చెబుతాను. ఇందులో అవతల ఉన్నది కోచ్ కాదు, ఆటగాడే, కానీ విషయం రిఫరీ కోపం గురించి. 2007 ఏప్రిల్ 15న డల్లాస్‌లో మ్యాచ్. స్పర్స్ ఆటగాడు టిమ్ డంకన్ బెంచ్ మీద కూర్చుని నవ్వుతున్నాడు. లీగ్‌లో అందరికంటే నెమ్మదస్తుల్లో ఒకడు. రిఫరీ జోయీ క్రాఫర్డ్ ఆ నవ్వు తనమీదే అనుకున్నాడు. రెండో టెక్నికల్ ఇచ్చి బయటికి పంపేశాడు. తనని "కొట్లాటకి వస్తావా" అన్నట్టు అడిగాడని డంకన్ తర్వాత చెప్పాడు. లీగ్ డంకన్‌కి 25,000 డాలర్లు జరిమానా వేసింది. క్రాఫర్డ్‌ని ఆ సీజన్ మిగతా భాగమంతా, ప్లేఆఫ్స్‌తో సహా, సస్పెండ్ చేసింది. అప్పటికే ఎన్నో ఫైనల్స్ చేసిన, లీగ్‌లో మంచి రిఫరీల్లో ఒకడని పేరున్న మనిషి. తర్వాతి సీజన్‌లో తిరిగొచ్చి చాలా ఏళ్ళు పనిచేశాడు, 2016లో రిటైరయ్యాడు. తిరిగొచ్చాడు కాబట్టే నాకు ఆయనంటే గౌరవం. అలాంటి అనుభవజ్ఞుడికే ఒక నవ్వు గుచ్చుకుందంటే మనకి గుచ్చుకోదా? టెక్నికల్ కోసం చెయ్యి లేచే ముందు నన్ను నేను అడిగేది ఒక్కటే. ఇది ఆటకి అడ్డమొచ్చిందా, నాకు నొప్పి కలిగిందా? ఒక్కోసారి రెండూ అవుతాయి. మొదటిది లేకుండా రెండోది మాత్రమే ఉంటే చెయ్యి దించేస్తాను.

మ్యాచ్ అయిపోయాక కోచ్‌తో మాట్లాడటానికి నిలబడకండి. స్కోర్‌షీట్ సరిచూసి సంతకం పెట్టి, ఇద్దరూ కలిసి వెళ్ళిపోండి. ఓడిన కోచ్ అప్పుడు వినే స్థితిలో ఉండడు, గెలిచినాయన పొగిడినా మనకి మంచిది కాదు. మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర కలిస్తే ఆయనే వస్తాడు, "నిన్న ఆ ఫౌల్ గురించి అడుగుదామని" అంటూ. అప్పుడు కూర్చుని ఎంతసేపైనా మాట్లాడతాను.

కోచ్‌ని డిస్క్వాలిఫై చేసి బయటికి పంపాల్సి వస్తే మాత్రం ఆ రాత్రికే రిపోర్టు రాయాలి. క్రూ చీఫ్ (రిఫరీల్లో ముఖ్యుడు) బాధ్యత అది, టోర్నమెంట్ నడిపేవాళ్ళకి అందాలి. మా పిల్లలు రాసిన నమూనాలు దిద్దుతుంటే "కోచ్ చాలా అసభ్యంగా ప్రవర్తించారు" అన్న వాక్యం అందరి కాగితాల్లోనూ ఉంది. దాన్నిబట్టి కమిటీ ఏం తేలుస్తుంది? ఎన్నో క్వార్టర్, గడియారంలో ఎంత టైము ఉంది, స్కోరు ఎంత, అంతకుముందు ఏ కాల్ ఇచ్చారు, వార్నింగ్ ఎప్పుడు ఇచ్చారు, ఆయన ఎక్కడ నిలబడి ఉన్నారు, అన్న మాట ఏమిటి. ఆ మాట బూతయినా సరే, అన్నది అన్నట్టే రాయాలి. సిగ్గుపడి చుక్కలు పెడితే రేపు "నేను అంత మాట అనలేదు" అంటారు. మీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా ఉండకూడదు. ఇద్దరు రిఫరీలూ మాట్లాడుకోకముందు విడివిడిగా గుర్తున్నది రాసుకుని, తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోండి. వచ్చే ఆదివారం ఆ నమూనాలు మళ్ళీ రాసి తీసుకురండి. ఈసారి గడియారం టైముతో మొదలుపెట్టి రాయండి.